పాత జపాన్ దిగుమతి బండి: ముందు సి-బుక్కు, తర్వాత సీటు బెల్టు, ఇంజిను ఆఖర్న

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దండి. మీరు కడపలో లెక్చరరు. చేతిలో నాలుగు లక్షల దాకా ఉంది. కర్నూలులో ఒక హోండా సీఆర్‌వీ చూశారు: 2008 మోడల్, 2.4 పెట్రోలు, ఆటోమేటిక్, నాలుగు చక్రాల డ్రైవు, ఏపీ 21 నంబరు, రీడింగు లక్షా పన్నెండు వేలు, అడుగుతున్న ధర 3,40,000. అమ్మే ఆయన "జపాన్ నుంచి నేరుగా దిగిన బండి సార్, డాక్టరు గారు వాడింది" అన్నారు. ఇంజిను చూసి చెప్పే మెకానిక్ ఎవరైనా ఉన్నారా అన్నది మీ ప్రశ్న. చివర్లో, మీ మామయ్యకు అనంతపురంలో ఎవరో హిమాచల్ నంబరున్న ల్యాండ్ క్రూయిజరు సగం ధరకే ఇస్తామంటున్నారని కూడా రాశారు.

కర్నూలులో ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఇంజిను చూడమని బండి తెచ్చేవాళ్లే అందరూ. పాత జపాన్ బండిలో అన్నిటికంటే చివరగా పాడయ్యేది ఆ ఇంజినే. నా కళ్ల ముందు ఇలాంటి బండి కొని చేతులు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమందిని ముంచింది సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం. ఆ తర్వాతి వంతు నీళ్లది, దాని తర్వాత దొరకని సామానుది. అందుకే చూడాల్సినవి మీరడిగిన వరుసలో కాకుండా తలకిందుల వరుసలో చెబుతాను.

అసలు "జపాన్ నుంచి దిగింది" అంటే ఏమిటో తేల్చుకోండి. మన దేశంలో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. కంపెనీయే పూర్తిగా తయారైన బండిని ఓడలో తెచ్చి తన షోరూములో కొత్తగా అమ్మడం ఒకటి. ఆ రోజుల్లో సీఆర్‌వీ, సుజుకీ గ్రాండ్ విటారా, నిస్సాన్ ఎక్స్‌ట్రెయిల్, టొయోటా ప్రాడో అలా వచ్చినవే. ఎవరో ఒక వ్యక్తి విదేశంలో వాడిన బండిని సొంతంగా తెచ్చుకోవడం రెండోది. మొదటి రకానికి ఇక్కడి కంపెనీ దగ్గర చరిత్ర ఉంటుంది, సామానుకు నంబరు ఉంటుంది. రెండో రకానికి చాలాసార్లు రెండూ ఉండవు.

తేడా తెలుసుకోవడానికి మొదటి ఆధారం చాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలుండి, మొదటిది 'జే' అయితే జపాన్‌లో తయారైనట్టు. జపాన్ హోండా ఎస్‌యూవీలకు 'జేహెచ్ఎల్' అని మొదలవుతుంది. మన దేశంలో తయారైన హోండాలకు 'ఎంఏకే' అని ఉంటుంది. పదిహేడు అక్షరాలు కాకుండా మధ్యలో అడ్డగీతతో పొట్టి నంబరు ఉంటే, అది జపాన్ సొంత మార్కెట్టు కోసం తయారైన బండి. అంటే కంపెనీ ఇక్కడ అమ్మినది కాదు, ఎవరో తెచ్చుకున్నది. ఆ నంబరును సి-బుక్కులో చదివి ఊరుకోకండి, బండి మీద కొట్టిన చోట చూడండి. అక్షరాల చుట్టూ గ్రైండింగు గీతలు, కొత్త పెయింటు, వెల్డింగు గడ్డలు కనిపిస్తే అక్కడితో ఆపేసి టీ తాగి వచ్చేయండి.

ఇంటర్నెట్టులో పాత జపాన్ బండ్ల గురించి వెతికితే ఆక్షన్ షీటు (జపాన్ వేలంలో బండి పరిస్థితి రాసిచ్చే కాగితం) చూడండి, అందులో గ్రేడు చూడండి అని ఉంటుంది. శ్రీలంక, పాకిస్తాన్, కెన్యా లాంటి చోట్ల కొనేవాళ్లకు అది పనికొచ్చే సలహా. మనకు దాదాపు పనికిరాదు. మన దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే రావాలి. సుంకం కూడా బండి ధరను మించిపోయే స్థాయిలో ఉండేది. కాబట్టి ఇక్కడ తిరుగుతున్న పదిహేడేళ్ల జపాన్ బండి కొత్తగా ఉన్నప్పుడైనా వచ్చి ఉండాలి, మూడేళ్ల లోపైనా వచ్చి ఉండాలి. ఎవరైనా సొంతంగా తెచ్చిన బండి చూపిస్తే బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. కస్టమ్స్ వాళ్లు ఇచ్చే కాగితం అది. దాని మీది తేదీనీ, బండి తయారైన నెలనూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టండి. తేడా మూడేళ్లు దాటితే ఆ బండి ఎలా వచ్చిందో అమ్మేవాడే చెప్పాలి, చెప్పలేడు.

మీ మామయ్య ల్యాండ్ క్రూయిజరుకు సమాధానం ఇందులోనే ఉంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'నుమ్‌ఖోర్' అనే పేరుతో సోదాలు చేసి కొన్ని డజన్ల బండ్లు పట్టుకెళ్లారు. నుమ్‌ఖోర్ అంటే భూటాన్ భాషలో బండి. భూటాన్ మీదుగా సుంకం కట్టకుండా దించి, దొంగ కాగితాలతో ఎక్కడో కొండ రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించి, దక్షిణాదికి అమ్మారన్నది ఆరోపణ. వాటిలో ల్యాండ్ క్రూయిజర్లు ఉన్నాయి. ఆ బండ్లను పట్టుకున్నది చివరగా కొన్నవాళ్ల ఇళ్ల దగ్గర. మీ మామయ్య చూసిన బండి అలాంటిదేనని నేను అనను. కానీ హిమాచల్ నంబరు, సగం ధర, బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమంటే "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి" అనే జవాబు, ఈ మూడూ కలిస్తే మాత్రం నేనైతే ఆ వీధిలోకి కూడా వెళ్లను.

ఇక మీ సీఆర్‌వీ. 2008 బండి అంటే 2023లోనే పదిహేనేళ్లు నిండాయి. సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత బండిని చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే. అమ్మేవాళ్లు కూడా "ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) నేను చేయించి ఇస్తాను, అయిదారు వేల పని" అంటారు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పొడిగింపు రుసుము మామూలు కారుకు 5,000 అయితే, దిగుమతి కారుకు 40,000. ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో దాన్ని మళ్లీ పెంచారు: మామూలు కారుకు 10,000, దిగుమతి కారుకు 80,000. గ్రీన్ ట్యాక్సు వేరు. గడువు దాటితే నెలనెలా పడే అదనం వేరు.

మీ బండి సంగతి లెక్క వేయండి. 2023లో పొడిగించి ఉంటే 2028 దాకా చెల్లుతుంది. 2028లో దానికి ఇరవై ఏళ్లు నిండుతాయి. అప్పుడు 10,000 కట్టాలా, 80,000 కట్టాలా? అది మీ బండి రవాణా శాఖ రికార్డులో దిగుమతి బండిగా నమోదైందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. షోరూములో కొన్న బండి కాబట్టి మామూలుదే అయి ఉంటుందని ఊహించుకుని కూర్చోకండి. సి-బుక్కు జిరాక్సు తీసుకుని కర్నూలు ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి, ఈ నంబరుకు పొడిగింపు రుసుము ఎంత చూపిస్తోందో కంప్యూటర్‌లో చూసి చెప్పమని అడగండి. పది నిమిషాల పని. టోకెన్ అడ్వాన్సు ఇవ్వడానికి ముందే చేయాల్సిన పని. 2023లో అసలు పొడిగించలేదని తేలితే మాత్రం బేరం తీరే మారిపోతుంది. ఆ ఖర్చంతా అమ్మేవాడు కట్టి, కొత్త గడువున్న సి-బుక్కు చేతికిచ్చాకే మిగతా మాటలు. "మీరు కొనండి, తర్వాత చేయిస్తా" అన్న మాట మీద డబ్బిచ్చినవాళ్లు నా షెడ్డు ముందు బండి పెట్టి నెలల తరబడి తిరగడం చూశాను.

ఏపీ 21 కర్నూలు నంబరు కాబట్టి మీకొక తలనొప్పి తప్పింది. అదే ఏపీ 09 అయి ఉంటే అది ఖైరతాబాద్ బండి. నంబరులో ఏపీ ఉన్నా, రాష్ట్రం విడిపోయాక దాని రికార్డు తెలంగాణలో ఉంటుంది. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలా అన్నది ఆర్‌టీఓ ఆఫీసులో తేల్చుకోవాలి. కట్టాల్సి వస్తే ఆ ట్యాక్సును మీరు కొన్న ధర మీద కాకుండా, బండి కొత్తగా ఉన్నప్పటి ధర ఆధారంగా, వయసును బట్టి తగ్గిస్తూ లెక్క కడతారు. ఒకప్పుడు ఇరవై లక్షలు దాటిన బండి మీద ఆ లెక్క ఎలా వస్తుందో ఊహించుకోండి. బెంగళూరు బండ్లదీ ఇదే కథ. అనంతపురం వైపు కేఏ నంబరు బండ్లు చవకగా దొరికేది ఊరికే కాదు.

మిగిలిన కాగితాలు మామూలువే. ఫైనాన్స్ ఉంటే తీరిందా, సి-బుక్కులో ఆ పేరు తీసేశారా, చలానాలున్నాయా, సి-బుక్కులో పేరున్న మనిషి స్వయంగా వచ్చి సంతకం పెడతాడా. ఆ డాక్టరు గారు నిజంగా ఉంటే ఒకసారి ఫోనులో మాట్లాడించమనండి. నా అనుభవంలో ప్రతి పాత బండినీ ఎవరో ఒక డాక్టరు గారే వాడి ఉంటారు, ఆయన ఎప్పుడూ ఫోనులో దొరకరు.

ఇప్పుడు నీళ్లు. ఏపీ 21, 2008 మోడల్ అని చదవగానే నా మనసు పోయింది అక్కడికే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. అప్పట్లో మా షెడ్డు పాతబస్తీకి దగ్గర్లో ఉండేది. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే లోపల మోకాలి లోతు బురద, అందులో నాలుగు కార్లు. ఊళ్లో ఎన్ని బండ్లు మునిగాయో లెక్కలేదు. వాటిలో కొన్ని తుక్కుకు పోయాయి. మిగతావాటిని కడిగి, ఎండబెట్టి, సీట్ల గుడ్డలు మార్చి, సెంటు కొట్టి అమ్మారు. కడిగి ఎండబెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి, దాచడమెందుకు. మీరు చూసిన బండికి అప్పుడు ఏడాది వయసు. ఆ రోజు అది ఎక్కడ ఉందన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న. ఆ సంవత్సరపు ఇన్సూరెన్సు క్లెయిము కాగితం దొరికితే సగం జవాబు దొరికినట్టే.

పదిహేడేళ్ల కిందటి నీళ్లు ఇప్పుడేం చేస్తాయని మీకు అనిపించవచ్చు. న్యాయమైన అనుమానమే. ఇంజినులోకి పోయిన నీళ్ల సంగతి మొదటి నెలలోనే తేలిపోతుంది. కార్పెట్టు కింద వైర్ల కనెక్టర్లలో చేరిన నీళ్లు అలా కాదు. అక్కడ రాగి మెల్లగా పచ్చబారుతుంది, ఏళ్ల తర్వాత ఒకరోజు ఏబీఎస్ దీపం వెలుగుతుంది, మరో రోజు ఎయిర్‌బ్యాగ్ దీపం, ఇంకోరోజు అద్దం దిగదు. ఏ ఒక్కటీ పెద్ద రిపేరు కాదు, కానీ ఏ ఒక్కటీ శాశ్వతంగా బాగుపడదు. 2011లో మా దగ్గరి బంధువుకు ఒక బండి నేనే చూసి కొనిపించాను. ఇంజిను గడియారంలా నడిచింది. ఏడాదిన్నర తర్వాత మొదలైంది ఈ దీపాల పండగ. కార్పెట్టు ఎత్తి చూస్తే అడుగున తుంగభద్ర బురద పొరగా అంటుకుని ఉంది. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆయన నన్ను చూస్తే ముందు ఆ బండి గురించే అడుగుతాడు.

ఆ దెబ్బతో నేర్చుకున్నది చెబుతాను. ముందు సీటు బెల్టును చివరిదాకా, అది ఇక రానంటూ ఆగేదాకా లాగండి. రోజూ బయటికి వచ్చే భాగాన్ని అందరూ కడుగుతారు. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరను ఎవరూ కడగరు. అక్కడ అడ్డంగా మట్టి మరక గీతలా కనిపిస్తే ఆ ఎత్తు దాకా నీళ్లు వచ్చినట్టు. తర్వాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, కింద పసుపు రంగు కనెక్టర్లు చూడండి. అవి ఎయిర్‌బ్యాగువి. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నా, స్పానరు పడిన గుర్తులున్నా సీట్లు ఊడదీశారని అర్థం. డిక్కీలో స్టెప్నీ ఎత్తి గుంట అడుగు చూడండి. డ్రైవరు కాళ్ల దగ్గర తల దూర్చి, బ్రేకు పెడలు బిగించిన ఇనుప బ్రాకెట్టు పై భాగాన్ని టార్చి వేసి చూడండి. ఎండకు ఎండిన మన ఊళ్లలో డ్యాష్‌బోర్డు లోపలి ఇనుముకు తుప్పు పట్టడానికి వేరే కారణం ఉండదు.

కర్నూలు బండి ఒక్కదానికే ఈ పరీక్ష అనుకోకండి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. ఆ ఊళ్ల బండ్లన్నీ ఎక్కడికో అమ్ముడుపోవాలి కదా. చవక ధర, నీళ్లు చూడని ఊరు, మన సీమే వాళ్లకు మంచి సంత.

గుద్దిన బండిని కనిపెట్టడానికి జపాన్ బండిలో ఒక సులువుంది. అద్దాల మూలన ముద్ర చదవండి. కంపెనీ నుంచి వచ్చిన అద్దం మీద జపాన్ తయారీదారు గుర్తు, చాలావాటి మీద 'ఈ43' అనే ముద్ర ఉంటాయి. 43 జపాన్‌కు కేటాయించిన అంకె. ఒక్క అద్దం మీద మాత్రం ఇక్కడి కంపెనీ పేరుంటే ఆ అద్దం మార్చారు. ముందు అద్దం ఒక్కటే అయితే రాయి తగిలి ఉండవచ్చు, పట్టించుకోనవసరం లేదు. పక్క తలుపు అద్దం, దానితో పాటు ఆ వైపు పెయింటు ఛాయ కూడా తేడాగా ఉంటే టింకరింగు ఎంత లోతుకు పోయిందో చూడాల్సిందే.

ఇప్పటికి ఇంజినుకు వచ్చాం. మీరు వెళ్లేసరికి బండి స్టార్టు చేసి ఉంచవద్దని ముందే చెప్పండి, అయినా వెళ్లగానే బోనెట్టు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ పూటకు వద్దు, మర్నాడు పొద్దున వస్తానని చెప్పి కదలండి. ఈ 2354 సీసీ ఇంజినుకు టైమింగు బెల్టు ఉండదు, గొలుసు ఉంటుంది. కాబట్టి "బెల్టు ఇప్పుడే మార్చాం" అని అమ్మేవాడు అంటే అతనికి ఆ బండి గురించి ఏమీ తెలియదని తెలుసుకోండి. చల్లటి ఇంజిను స్టార్టు చేసిన మొదటి రెండు సెకన్లలో గరగరమని గొలుసు గుంజినట్టు చప్పుడు వస్తే గొలుసు టెన్షనరో, వాల్వుల టైమింగు మార్చే పరికరమో అరిగిందని అర్థం. ఆయిలు సకాలంలో మార్చని బండ్లలో ఇది ఎక్కువ. ఆయిలు మూత తీసి లోపల వేలు పెట్టండి. తేనె రంగు జిడ్డు అంటితే పర్వాలేదు, నల్లటి జావలా అంటితే ధర తగ్గించినా వద్దు.

ఇంకొక్కటి మన సీమకే ప్రత్యేకం. రేడియేటరులో కూలెంటు బదులు బోరు నీళ్లు పోసి ఏళ్లు నడిపిన బండ్లు నా దగ్గరికి వారానికి రెండైనా వస్తాయి. మన బోరు నీళ్లకు బిందె అడుగున తెల్లటి పొక్కు కడుతుంది చూడండి, అదే రేడియేటరు గొట్టాల్లోనూ కడుతుంది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడండి. హోండా కూలెంటు నీలం రంగులో ఉంటుంది, వేరే కంపెనీది పోస్తే ఆకుపచ్చగా ఉండవచ్చు. తుప్పు రంగు నీళ్లో, మూతకు తెల్లటి పొక్కో కనిపిస్తే మే నెలలో ఆ బండి మిమ్మల్ని ఆళ్లగడ్డ దగ్గర నిలబెడుతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు చూడటంలో చాలామంది మెకానిక్‌లు పొరపాటు చేస్తారు. హోండాకు ఇంజిను నడుస్తుండగా చూడకూడదు. వేడెక్కాక ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషం లోపు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడాలి. ఎర్రగా ఉండి మాడు వాసన రాకపోతే మంచిది. బ్రేకు తొక్కి పీ నుంచి ఆర్, ఆర్ నుంచి డీ మార్చి చూడండి. సెకనులోపు మెత్తగా పట్టుకోవాలి. మూడు సెకన్లు ఆలోచించి, ఆపైన ధన్‌మని తన్నితే ఆ గేర్‌బాక్సు జోలికి పోవద్దు. ఇది తెరిచి బాగు చేసే చేతులు మన మూడు జిల్లాల్లో నాకు తెలిసి చాలా తక్కువ, నావి వాటిలో లేవు.

ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా ఒక వలయం కొట్టించండి. వెనక నుంచి మూలుగుతున్నట్టు శబ్దం వస్తే భయపడకండి. వెనక డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాలకు శక్తి పంచే గేరు డబ్బాలో) హోండా డ్యూయల్ పంప్ ఫ్లూయిడు అని ప్రత్యేకమైన నూనె ఉంటుంది, అది పాతబడితే ఇలా మూలుగుతుంది. లీటరున్నర కూడా పట్టదు, మారిస్తే చాలావరకు పోతుంది. మామూలు గేరు ఆయిలు పోయించకండి, దానితో అసలుకే మోసం. మీ మెకానిక్‌కు ఒక మాట చెప్పండి: నూనె కార్చే కింది బోల్టు విప్పే ముందు నూనె పోసే పై బోల్టు విప్పి చూసుకోమనండి. కిందిది విప్పి నూనె కార్చేశాక పైది రాకపోతే బండి అక్కడే ఉంటుంది.

ఈ నాలుగు చక్రాల డ్రైవు బండికి నాలుగు టైర్లూ ఒకే తీరులో అరిగి ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1518 అంటే 2018లో పదిహేనో వారం. గాడి ఎంత లోతున్నా, మన ఎండకు ఏడెనిమిదేళ్లు దాటిన టైరును నేను హైవే ఎక్కనివ్వను. 225/65 ఆర్17 సైజు నాలుగు టైర్లు చవకేమీ కాదు, బేరంలో లెక్కించుకోండి.

స్టీరింగు తిప్పినప్పుడు ఈల వేసినట్టు శబ్దం వస్తే మాత్రం లోలోపల సంతోషించి, ముఖం చిన్నబుచ్చుకోండి. పవర్ స్టీరింగు పంపుకు నూనె వచ్చే చోట ఒక చిన్న రబ్బరు రింగు ఎండిపోయి గాలి పీలుస్తుంది, ఈ హోండాల్లో తరచూ వచ్చేదే. రింగు ధర టీ ఖర్చు. "పంపు పోయింది" అని ఎవరో చెప్పగా విని అమ్మేవాడే భయపడుతూ ఉంటే, మీకది మంచి బేరం.

ఏసీకి అంత అదృష్టం లేదు. కంప్రెసరు లోపల విరిగితే ఆ ఇనుప రజను గొట్టాలన్నిటికీ పాకుతుంది. అప్పుడు కంప్రెసరు ఒక్కటి మారిస్తే కొత్తది కూడా నెలలో పోతుంది, కండెన్సరుతో సహా మొత్తం మార్చాలి. అందుకే మధ్యాహ్నం రెండు గంటలకు, బండి నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఏసీ నడపండి. వెళ్తున్నప్పుడు చల్లగా ఉండి, నిలబెడితే వేడిగాలి వస్తే అనుమానించండి. కర్నూలు ఎండ మనకు ఉచితంగా ఇచ్చిన పరీక్ష ఇది.

ఎయిర్‌బ్యాగుల విషయం తేలిగ్గా తీసుకోకండి. తకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేటప్పుడు లోపలి ఇనుప డబ్బా పగిలి ముక్కలు మనిషికే తగిలిన ఘటనలు ప్రపంచమంతా జరిగాయి. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. అందులోని అమ్మోనియం నైట్రేటు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ దెబ్బతినడమే కారణం. మన ఎండల్లో పదిహేడేళ్లు నిలబడిన బండికి ఇది ఎవరికో జరిగిన కథ కాదు. మన దేశంలోనూ హోండా పలు విడతలుగా బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది, వాటిలో సీఆర్‌వీలూ ఉన్నాయి. చాసిస్ నంబరు చెబితే మీ బండికి మార్చారో లేదో కంపెనీ షోరూములో చూసి చెబుతారు. అదే చేత్తో పాత సర్వీసు వివరాలు కూడా అడగండి. లక్షా పన్నెండు వేల రీడింగు నిజమో కాదో అక్కడే తేలుతుంది. 2014లోనే లక్షా నలభై వేలకు సర్వీసు అయినట్టు ఉంటే ఇక చెప్పేదేముంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దీపాన్నే తీసేశారు.

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. 2008లో ఈ బండి తయారైనప్పుడు దాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. రేపే ఇంజిను పోతుందని భయపెట్టేవాళ్ల మాట నేను నమ్మను, కానీ పెట్రోలు పైపులు, పంపు దగ్గరి రబ్బర్లు ఈ వయసులో ఎలాగూ పెళుసెక్కి ఉంటాయి. కొన్నాక మొదటి నెలలోనే మార్పించండి. నెలల తరబడి కదలకుండా నిలబెట్టే బండి అయితే టాంకు నిండుగా ఉంచి వదిలేయకండి. మైలేజీ ఊళ్లో ఏడెనిమిది వస్తే సంతోషించండి. దాని కోసమే కొందరు గ్యాసు కిట్టు పెట్టించి, అమ్మేముందు తీసేస్తారు. డిక్కీ నేలలో పూడ్చిన బోల్టు రంధ్రాలు, సి-బుక్కులో ఇంధనం దగ్గర దిద్దుబాటు చూడండి. గ్యాసు మీద చాలాకాలం నడిచి, వాల్వు క్లియరెన్సు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) ఎప్పుడూ సరిచేయని ఇంజిను ఐడిల్‌లో వణుకుతుంది.

సామాను సంగతి. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, బుష్‌లు ఇబ్బంది లేకుండా దొరుకుతాయి. బాడీ సామాను, హెడ్‌లైట్లు, సెన్సర్లు కంపెనీలో అడిగితే వారాలు పట్టవచ్చు. కడప నుంచి మీకు మొదటి దారి చెన్నై పుదుపేట, పాత బండ్లు విప్పి అమ్మే సందులు అక్కడున్నాయి. బెంగళూరు జేసీ రోడ్డు రెండో దారి. కొనే ముందే ఒక హెడ్‌లైటు ధర ఈ రెండు చోట్లా ఫోనులో కనుక్కోండి. ఆ అంకె విన్నాక కూడా మీకు బండి మీద ప్రేమ తగ్గకపోతే కొనవచ్చు.

ధర విషయంలో నా లెక్క ఇది. సి-బుక్కు 2028 దాకా ఉండి, సీటు బెల్టు శుభ్రంగా ఉండి, గేర్‌బాక్సు మెత్తగా ఉంటే రెండు లక్షల డెబ్బై అయిదు వేల దగ్గర ఆపండి. మీ నాలుగు లక్షల్లో కనీసం లక్ష చేతిలో ఉంచుకోండి, టైర్లు, నూనెలు, రబ్బర్లు, బ్యాటరీ కలిసి మొదటి ఏడాదే దాన్ని తినేస్తాయి. రెండు తాళాలూ అడిగి తీసుకోండి. లోపల చిప్పు ఉన్న తాళాలవి, ఒక్కటే ఉండి అది పోతే బజారులో చేసే పని కాదు.

టెస్టు డ్రైవుకు ఊళ్లో ఒక చుట్టు తిప్పి తెస్తామంటే ఒప్పుకోకండి. డోన్ వైపు హైవే మీద అరగంట నడపండి. కర్నూలు చుట్టుపక్కల మీ గువ్వలచెరువు లాంటి ఘాటు లేదు, అదే లోటు. బండి కడపలో ఉండి ఉంటే ఏసీ వేసుకుని నలుగురితో ఆ ఘాటు ఎక్కించమనేవాడిని. టెంపరేచరు ముల్లు కదలకుండా పైకి చేరితే అక్కడ పాలకోవా తిని దిగవచ్చు.

ముందు మూడు ఫోటోలు పెట్టండి: చాసిస్ నంబరు కొట్టిన చోటు, డ్రైవరు సీటు బెల్టు చివరి మూర, సి-బుక్కులో గడువు తేదీ. నంబర్లలో చివరి అంకెలు, పేరు కనబడకుండా చెరిపి పెట్టండి. అవి చూశాక బండి దగ్గరికి నేను రావడం అవసరమా, అనవసరమా చెబుతాను.